పరుగెత్తకుండానే ఫస్టు

ఈల పంతులమ్మ ఇంట్లో కప్పులకు కొదవ లేదు. స్నానాలగదిలో ఒకటుంది, అందులో పళ్లు తోముకునే బ్రష్షులు నిలబడి ఉంటాయి. వంటింటి గట్టు మీద ఇంకొకటి, అందులో చెంచాలు. బాల్కనీ తలుపు కొట్టుకోకుండా ఒకదాన్ని అడ్డం పెట్టి చూశారు గానీ, గాలి తలుపుతో పాటు దాన్నీ ఎగరగొట్టింది. బరువుంటేగా! ప్లాస్టిక్కు మీద బంగారు రంగు. గోటితో గీకితే తెల్లగా బయటపడే బండారం. అన్నిటి మీదా ‘విజేత’ అని రాసి ఉంటుంది. అన్నీ ఆవిడ మనవరాలివే. ఆ మనవరాలు నడక నేర్చిన నాటి నుంచి ఇంతవరకూ ఏ పందెంలోనూ ఒక్కరినైనా దాటిన పాపాన పోలేదు.

పంతులమ్మ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేరి, డ్రిల్లు టీచరుగానే రిటైరైంది. డ్రిల్లు పీరియడంటే మిగతా టీచర్ల లెక్కలో సిలబస్ వెనకబడ్డప్పుడు లాక్కోవడానికి పెట్టిన పీరియడు. "ఈ ఒక్కరోజుకీ ఇవ్వండి" అంటూ లెక్కల టీచరు వస్తే, "ఇస్తాను. రేపు మీ పీరియడులో నేను గంతులు వేయిస్తాను, సరేనా?" అనేది. మళ్లీ రెండోసారి ఎవరూ అడిగేవారు కాదు. పిల్లల్ని కొట్టేది కాదు, తిట్టేది కాదు. మెచ్చుకునేదీ కాదు. ఏ పిల్లైనా ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తితే "ఊఁ" అనేది. అంతే. ఆ "ఊఁ" కోసం పిల్లలు చెమటలు కక్కేవాళ్లు. ఇప్పుడు వాళ్లలో కొందరికి జుట్టు నెరిసింది. బజార్లో ఎదురుపడితే, "టీచర్, ఒకసారి నన్ను ఊఁ అన్నారు, గుర్తుందా?" అని అడుగుతారు. కప్పు ఇచ్చారు గుర్తుందా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. "నువ్వు పిల్లల్ని తొందరపెడతావు, నేను ముళ్లని తొందరపెడతాను. ఇద్దరికీ నిమ్మళం లేదు" అని నవ్వేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. కొడుకుది కళ్లజోళ్ల దుకాణం. ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాట పెరిగితే తన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెడతాడు; మాట తగ్గేదాకా తుడుస్తూనే ఉంటాడు. కోడలు బ్యాంకులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. మనిషి మంచిదే. కాకపోతే కాలనీ పిల్లల ఆటల సంఘంలో సభ్యురాలు.

ఆ సంఘానికి అధ్యక్షుడు పరుపుల కొట్టాయన. ఆటల గురించి ఆయనకు తెలిసిందల్లా, ఆడితే పిల్లలు పడతారు, పడితే దెబ్బ తగులుతుంది అన్నంత వరకే. పగలంతా నలుగురికీ మెత్తదనం అమ్మే మనిషి కదా, లోకంలో గట్టిగా ఏది కనబడినా దానికి దూది కూరాలనిపిస్తుంది. పాల్గొన్న ప్రతి పిల్లకీ కప్పు ఇవ్వాలన్నది కొన్నేళ్ల కిందట ఆయన పెట్టిన రూలే. అప్పుడు పంతులమ్మ ముఖం చిట్లించింది గానీ నోరెత్తలేదు. కప్పు ఎందరికిచ్చినా, ఎవరు ముందొచ్చారో ఎవరు వెనకొచ్చారో గీత దగ్గర నిలబడి గట్టిగా చెప్పే పని ఇంకా ఆవిడదే గనక.

ఈ ఏడు ఆ పనికీ ఎసరొచ్చింది. పందేలకు నెలరోజుల ముందు, ఒక సాయంత్రం, కొట్టు వెనక గదిలో సంఘం కూర్చుంది. కూర్చోవడానికి వేసింది కూడా పరుపులే. వయసు మళ్లిన పంతులమ్మ అందులో కూరుకుపోయి లేవడానికి ఊతం వెతుక్కుంటుంటే, పరుపులాయన గొంతు సవరించుకున్నాడు.

"పంతులమ్మగారూ, ఈసారి చివర గీత ఉండదండీ."

"గీత లేకపోతే పిల్లలు ఎక్కడ ఆగుతారు బాబూ?"

"ఎవరికెక్కడ ఆయాసమొస్తే అక్కడ."

"మరి ఫస్టెవరో ఎలా తెలుస్తుంది?"

"అదేనండీ అసలు సంగతి! అందరూ ఫస్టే. కప్పుల మీద అలాగే రాయించేశాను."

"పందెం జరక్కముందే?"

"ముందే అయిపోతే ఒక పని తీరిపోతుంది కదండీ." తన సెల్‌ఫోన్ని ప్రేమగా నిమిరాడు. "మొన్నొకాయన ఉపన్యాసం విన్నాను. ఓడిపోయానన్న మాట పిల్లల చెవిన పడకూడదట. పడిందా, జన్మంతా అలా లోపలే ఉండిపోతుందట."

"మీ కొట్లో గట్టి పరుపు, మెత్త పరుపు, మరీ మెత్త పరుపు అని చీటీలు అంటించారెందుకు? అన్నిటి మీదా ‘ఫస్టు’ అని రాసెయ్యకపోయారా?"

"అది వ్యాపారమండీ."

"మరి ఇదో?"

"ఇది పిల్లల మనసు."

అంటే కొనేవాడి నడుముకు నిజం కావాలి గానీ పిల్లల మనసుకు అక్కర్లేదన్నమాట. ఈ మాట పంతులమ్మ నోటిదాకా వచ్చింది. అప్పటికే అందరూ సరేనని చేతులెత్తారు. ఎత్తిన చేతుల్లో కోడలి చెయ్యీ ఉంది.

ఇంటికొచ్చాక గొడవ మొదలైంది. కొడుకు కళ్లజోడు తీశాడు.

"మీకు చెప్పినా అర్థం కాదు అత్తయ్యా. నేను ప్రతి ఏడూ చివరే వచ్చేదాన్ని. మా డ్రిల్లు మాస్టారు నన్ను మధ్యలో నిలబెట్టి, ‘ఇదిగో మన నత్త, చప్పట్లు కొట్టండి’ అనేవాడు. బడంతా కొట్టేది. ఇప్పటికీ ఎవరైనా చప్పట్లు కొడితే నా ఒళ్లు చల్లబడుతుంది. నా కూతురికి ఆ గతి పట్టకూడదు."

ఆ మాస్టారు లాంటివాళ్లు పంతులమ్మకు తెలుసు; ఒకే స్టాఫ్‌రూములో కూర్చుంది వాళ్లతో.

"ఆ వెధవ నా ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని అమ్మాయ్" అంది. "కానీ ఒక్క మాట చెప్పు. నిన్ను ఏడిపించింది చివర రావడమా, ఆ చప్పట్లా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు. చప్పట్లు మానిపించండి, సంతోషం. మీరు చప్పట్లు ఉంచి పరుగు మానిపిస్తున్నారు."

కోడలు విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకు కళ్లజోడు పెట్టుకోబోయి, ఇంకా అవలేదేమోనని మళ్లీ తుడవసాగాడు.

కొడుక్కీ కోడలికీ తెలియని సంగతి ఒకటుంది. కాలనీలో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ మనవరాలు అప్పటికే నానమ్మ దగ్గర ఒక కోరిక పెట్టింది. ఫస్టు రావాలని కాదు. పిచ్చుక అంత అమాయకురాలు కాదు. ఈసారి చివర రాకూడదు. అంటే రింగులని దాటాలి. రింగులు పక్క బ్లాకు పిల్ల. ఉంగరాల జుట్టు వల్ల ఆ పేరొచ్చింది. ప్రతి ఏడూ పిచ్చుకకి సరిగ్గా ముందు వచ్చేది ఆ పిల్లే. అంటే చివరి నుంచి రెండోది. ఆ రెండో స్థానానికే రింగులు పోయే పోకడ చూస్తే, దేశాన్ని గెలిచొచ్చిందేమో అనిపిస్తుంది.

కాలనీ మధ్యలో కాంక్రీటు నీళ్ల ట్యాంకు ఒకటి ఎత్తుగా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రోడ్డు మీద ఒక రౌండే పందెం. పొద్దున్నే అమ్మ స్నానానికి వెళ్లే వేళకి పిచ్చుక నానమ్మ వేలు పట్టుకుని అక్కడికి దిగేది. పాలకని చెప్పి వెళ్లేవాళ్లు. ఇంట్లో పాలు ఎందుకింత ఆలస్యమవుతున్నాయో అర్థంకాక కోడలు బూత్ వాడిని తిట్టుకునేది.

"మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టు. రెక్కలల్లారుస్తావేంటే?"

"పిచ్చుకని కదా!"

"జోకులాపి పరుగెత్తు. అదేంటి, మధ్యలో వెనక్కి తిరిగి చూస్తావు?"

"ఎవరైనా ఉన్నారేమోనని."

"నీ వెనక ఎప్పుడైనా ఎవరైనా ఉన్నారా?"

"లేరనుకో. ఈసారన్నా ఉంటారేమోనని."

పంతులమ్మ అటు తిరిగి నవ్వాపుకుంది. నెల తిరిగేసరికి పిచ్చుక వెనక్కి చూడటం మానింది, మోచేతులు దారికొచ్చాయి. గాలిపటంలా అటూ ఇటూ ఊగే పిల్ల, గీత గీసినట్టు వెళ్లడం నేర్చుకుంది. ఒక పొద్దున ట్యాంకు చుట్టి వచ్చి ఆయాసపడుతూ నానమ్మ ముఖంలోకి చూసింది.

"ఊఁ" అంది పంతులమ్మ.

పిచ్చుక ఆ రోజు బడికి గంతులేస్తూ వెళ్లింది.

పందేల రోజు పొద్దుటి నుంచీ వాన. పెద్ద వానేం కాదు, ఆగీ ఆగకుండా విసిగించే రకం. పరుపులాయన ఇంటింటికీ కబురు పెట్టాడు: ఎవరూ కంగారు పడొద్దు, కార్యక్రమం ట్యాంకు ఎదురుగా ఉన్న మా గోదాములో. కాలనీ అంతా గొడుగులేసుకుని గోదాముకి వెళ్లింది. ప్లాస్టిక్ కవర్లు తొడిగిన పరుపులు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. పిల్లలు వాటి మీదెక్కి దూకుతున్నారు. ఒక బల్ల మీద బంగారు రంగు కప్పులు బారులు తీరాయి. పక్కనే మైకు.

పందెం ఎప్పుడంటూ పిచ్చుక నానమ్మ కొంగు లాగుతోంది. వాన తగ్గాక అనుకుంటానంది పంతులమ్మ. పరుపులాయన మైకు అందుకున్నాడు.

"వాన మూలంగా పరుగుపందెం జరిగినట్టే భావిద్దాం! ఇక బహుమతి ప్రదానం!"

పంతులమ్మ తన చెవులు తప్పు విన్నాయేమోనని చుట్టూ చూసింది. ఎవరి ముఖంలోనూ మార్పు లేదు. అందరూ ఫోన్లు బయటికి తీసి ఫోటోలకు సిద్ధమవుతున్నారు. నిజమే, ఎవరికి మాత్రం తేడా ఏముంది? గీత ముందే పోయింది. ఇప్పుడు పరుగు పోయింది. రేపో మాపో పిల్లలూ రానక్కర్లేదంటారు. కప్పుల్నే బల్ల మీద పెట్టి వాటికే చప్పట్లు కొట్టొచ్చు.

"మొదటి బ్లాకు, చంటిబాబు... ఫస్టు ప్రైజు!" చప్పట్లు. "మొదటి బ్లాకు, చంటిబాబు అక్కయ్య... ఫస్టు ప్రైజు!" చప్పట్లు. అలా ఒకరి తరువాత ఒకరు ఫస్టు వస్తూనే ఉన్నారు. ఫస్టొచ్చిన వాళ్లు తిరిగి వెళ్లి పరుపుల మీద దూకుతున్నారు. చప్పట్లు కొట్టీ కొట్టీ ఆ తల్లిదండ్రుల చేతులకైనా కాస్త వ్యాయామం దొరికింది.

పిచ్చుక వంతు వచ్చింది. కప్పు చేతిలో పెట్టారు. ఫోటో వైపు తిరగమన్నారు. పిల్ల తిరగలేదు.

"అంకుల్, నేను ఎవర్ని దాటాను?"

"అందర్నీ తల్లీ!"

"రింగుల్ని కూడా?"

"అందర్నీ! అందరూ అందర్నీ దాటేశారు!"

"మరి రింగులు కూడా నన్ను దాటిందా?"

దీనికి జవాబు ఆ ఉపన్యాసంలో లేదు కాబోలు, పరుపులాయన మైకులో "హహ్హ, చురుకైన పిల్ల" అన్నాడు.

"పందెం ఎప్పుడు పెడతారు మరి?"

"ఇంకెందుకమ్మా? నువ్వు గెలిచేశావుగా!"

పిచ్చుక ఏడుపు మొదలుపెట్టింది. మెల్లగా కాదు, గోదాము దద్దరిల్లేట్టు, నోరంతా తెరిచి. నెలరోజుల పొద్దులు, పాల పేరు చెప్పి దిగిన మెట్లు అన్నీ ఆ ఏడుపులో ఉన్నాయి. "ఎందుకేడుస్తోంది?", "ఫస్టొచ్చింది కదా?", "కప్పు చిన్నదనేమో, ఇంకోటి ఇవ్వండి పాపం" అంటూ జనం తలో మాటా అన్నారు. పరుపులాయన నిజంగానే ఇంకో కప్పు తీశాడు. రెండు కప్పులతో పిల్ల రెండింతలు ఏడ్చింది.

అప్పుడు గోదాములో ఈల మోగింది. ఇత్తడి ఈల, పాతికేళ్ల పాటు బడి మైదానాన్ని నిలబెట్టిన ఈల. రేకుల కప్పు కింద అది మోగితే పరుపుల మీది పిల్లలు గాల్లోంచి అలాగే కిందికి దిగి నిలబడిపోయారు.

"పరుగెత్తాలనున్నవాళ్లు బయటికి రండి" అంది పంతులమ్మ. "అక్కర్లేనివాళ్లు దూకండి, తప్పులేదు."

"అమ్మా, తడి రోడ్డు! జారితే?" పరుపులాయన అడ్డం వచ్చాడు.

"జారితే లేస్తారు. అది కూడా నేర్చుకోవాల్సిన పనే బాబూ. మీరు పక్కకి తప్పుకోండి."

కొందరు కదిలారు, ఎక్కువమంది కదల్లేదు. రింగులు కొత్త బూట్లు విప్పేసి వాళ్లమ్మ ఒళ్లో పడేసి పరుగున వచ్చింది. "నీ బట్టలే..." అంటున్న తల్లి మాట గోదాములోనే ఉండిపోయింది.

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది.

"వద్దత్తయ్యా. ఇంతమంది ముందు అది మళ్లీ చివరొస్తే?"

"రావచ్చు."

"అంత తేలిగ్గా అంటారేంటి?"

"తేలిక కాదమ్మాయ్. నాకూ భయంగానే ఉంది. కానీ పరుగెత్తుతానని ఏడుస్తోంది. నువ్వే అడుగు."

కోడలు పిల్ల వైపు చూసింది. పిచ్చుక ముక్కు ఎగబీల్చుకుంటూ కప్పులు రెండూ అమ్మ చేతిలో పెట్టింది. "పట్టుకో అమ్మా, చేతులు ఖాళీగా ఉండాలి" అంది. అదీ జవాబు. కోడలు పక్కకి జరిగింది.

రోడ్డు మీద సుద్దతో గీత గీస్తే వాన తుడిచేస్తుంది. పంతులమ్మ పరుపులు కట్టే తాడొకటి తీసుకుని రోడ్డుకి అడ్డంగా పరిచి, రెండు చివర్లా రెండు ఇటుకలు పెట్టింది. ఈల మోగింది. పిల్లలు నీళ్లు చిమ్ముకుంటూ పరుగు తీశారు. ట్యాంకు వెనక మలుపు తిరిగి కనబడకుండా పోయారు. కోడలు రెండు కప్పులు పట్టుకుని వానలో తడుస్తూ తాడు పక్కకి వచ్చి నిలబడింది.

మొదట ఒక పొడుగుకాళ్ల అబ్బాయి వచ్చాడు. తరువాత ఇద్దరు, తరువాత కొందరు. వాళ్లకి వాళ్లే "నేను మూడు", "నేను నాలుగు" అని అరుచుకున్నారు, ఎవరూ అడక్కుండానే. అప్పుడు మలుపు దగ్గర మిగిలిన ఇద్దరూ కనబడ్డారు. పక్కపక్కనే. రింగుల జుట్టు తడిసి, రింగులన్నీ సాగి ముఖానికి అతుక్కుపోయాయి. పిచ్చుక మోచేతులు ఒంటికి అంటుకుని ఉన్నాయి. ఎవరు ముందో చెప్పలేనంత దగ్గరగా వస్తున్నారు. కాలనీ అంతా గోదాము గుమ్మంలోకి వచ్చి అరుస్తోంది. ‘ఎవరూ ఓడిపోకూడదు’ అని చేతులెత్తిన వాళ్లే, "అదీ! అదీ! లాగు!" అంటున్నారు.

ఇద్దరూ తాడు దాటారు.

పంతులమ్మ చూసింది. రింగుల కాలు ముందు పడింది. అనుమానం లేదు.

"సమానం!" అని ఎవరో అరిచారు. "ఇద్దరూ ఒక్కసారే!" అన్నారింకొకరు. పంతులమ్మ నోరు తెరిచింది. తన మనవరాలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తన ముఖంలోకే చూస్తోంది. సమానం అనేస్తే పోలా? ఎవరికి తెలుస్తుంది? రింగులకి పోయేదేముంది? నెలరోజులు కష్టపడింది పాపం. మాట నాలుక చివర తయారుగా ఉంది. అంతలో ఆవిడకు తన మీదే ఒళ్లు మండింది. ఇంతసేపూ తిట్టుకున్న పరుపుల మనిషి ఎక్కడో లేడు. ఇదిగో, తన నాలుక మీదే మెత్తగా పక్క పరుచుకుని పడుకున్నాడు.

"రింగులు ముందు" అంది, గట్టిగా, అందరికీ వినబడేట్టు. "మా పిల్ల చివర."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నవ్వలేదు. "సొంత మనవరాలిని... ఏం మనిషమ్మా" అని వెనక నుంచి ఒక గొంతు.

పిచ్చుక ఏడుస్తుందనుకున్నారు. అది నడుమెత్తి నిటారుగా నిలబడింది.

"ఎంత తేడా నానమ్మా?"

"జానెడు."

"నీ జానెడా, నా జానెడా?"

పంతులమ్మ చెయ్యి చాపింది. పిల్ల తన చెయ్యి దాని మీద ఆనించి చూసుకుంది. "పోయినేడు ఆ కరెంటు స్తంభం దగ్గర ఉన్నాను. రింగులు ఇక్కడుంది. ఇప్పుడు జానెడే!"

"మూరెడు!" అంది రింగులు ఆయాసపడుతూనే. "మూరెడు గెలిచాను!"

"జానెడే!"

గోదాములోంచి మైకు మోగుతోంది. వానలో పరుగెత్తిన ధైర్యవంతులందరికీ ప్రత్యేకంగా ఇంకో కప్పు ఇస్తారట. పరుగెత్తని వాళ్లు చిన్నబుచ్చుకోకుండా వాళ్లకీ ఇస్తారట. ఇక్కడ ఎవరూ తల తిప్పలేదు.

"జానెడేమిటత్తయ్యా!"

పంతులమ్మ ఉలిక్కిపడి చూసింది. కోడలు. ముఖం ఎర్రబడి ఉంది. చేతిలోని కప్పులు రెండూ ఎప్పుడో రోడ్డు మీద దొర్లిపోయాయి.

"నేను తాడు పక్కనే నిలబడ్డాను. కళ్లతో చూశాను. నాలుగు వేళ్లు. మహా అయితే నాలుగు వేళ్లు! మీకు కళ్లు సరిగా ఆనక జానెడంటున్నారు. అన్యాయం!"

"జానెడే అమ్మాయ్. ఇన్నేళ్లు గీత దగ్గర నిలబడ్డదాన్ని..."

"ఏళ్లు కాదు చూడాల్సింది, కాలు! రింగులూ, ఇలా రామ్మా. నీ కాలు ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడ పెట్టు. అక్కడ కాదు, ఇంకాస్త వెనక్కి, అబద్ధమాడకు. పిచ్చుకా, నువ్వు ఇటు."

బ్యాంకు కౌంటరు దగ్గర చీర కుచ్చెళ్లు నలక్కుండా కూర్చునే ఆ మనిషి నీళ్లు నిలిచిన రోడ్డు మీద మోకాళ్లూని, ఇద్దరు పిల్లల పాదాల మధ్య తాడు పక్కన వేళ్లు ఆనించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో వేలు పట్టేంత చోటు ఇంకా ఉంది. ఆ వేలిని పెట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆగింది.

తరువాత పెట్టింది.